రోగి గుట్టు

మన ఊళ్ళలో డాక్టరుగారి దగ్గరకు ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. వెంట తల్లో, మేనమామో, పొరుగింటి పిన్నిగారో తప్పకుండా వుంటారు. హాల్లో బల్లమీద కూర్చున్న నలుగురూ “ఏమైందమ్మా పాపం?” అని పరామర్శిస్తారు. కాంపౌండరు పేరూ, వయస్సూ, బాధా గొంతెత్తి అడిగి పుస్తకంలో రాసుకుంటాడు. లోపల డాక్టరుగారు ఒకరిని పరీక్షిస్తూ వుండగానే తరువాతి రోగి గుమ్మంలో నిలబడి అంతా వింటూ వుంటాడు. దీన్ని ఎవరూ తప్పుపట్టరు. పలకరింపు మన మర్యాద. అయితే ఆ పలకరింపు ఎక్కడ ఆగాలి, డాక్టరుతో చెప్పుకున్న మాట ఎక్కడిదాకా పోవచ్చు అన్నది మాత్రం కాస్త ఆలోచించవలసిన సంగతే.

ఇప్పుడీ ప్రస్తావన ఎందుకంటే, ఈమధ్య నాకు మూడు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి సూర్యాపేట నుంచి, ఒకటి మిర్యాలగూడ నుంచి, ఇంకొకటి కోదాడ నుంచి. మూడూ 2016 దాకా ఒకే నల్లగొండ జిల్లాలోని ఊళ్ళు. ఆ ఏడు అక్టోబరులో సూర్యాపేట వేరే జిల్లాగా ఏర్పడి కోదాడను తనతో తీసుకుపోయింది. మిర్యాలగూడ నల్లగొండతోనే వుండిపోయింది. ఉత్తరాలు రాసినవారు ఒకరినొకరు ఎరగరు. అయినా ముగ్గురి బాధా డాక్టరుగారి బీరువాలో వుండే కాగితాన్ని గురించే. పేర్లూ, ఇంటి ఆనవాళ్ళూ తీసేసి సంగతి మాత్రం చెబుతాను. గుట్టును గురించి రాస్తూ ఒకరి గుట్టు బయటపెట్టడం న్యాయం కాదు గదా!

సూర్యాపేట నుంచి రాసినావిడ ఒక తల్లి. కూతురికి చిన్నతనం నుంచీ మూర్ఛ వున్నది. మాత్రలు క్రమంగా వేసుకుంటూ వుండడంవల్ల మూడేళ్ళుగా ఒక్కసారీ రాలేదు. డిగ్రీ పూర్తయింది. మంచి సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకోవడానికి వారం రోజులుందనగా మగపెళ్ళివారి బంధువు ఒకాయన ఏదో జ్వరానికి అదే డాక్టరు దగ్గరకు వెళ్ళి, అమ్మాయి అక్కడినుంచి వస్తూవుండగా చూశాడు. మాటల మీద కాంపౌండరును అడిగాడు. అతగాడు ఏ దురుద్దేశమూ లేకుండానే “ఫిట్సు బిళ్ళలకు నెలనెలా వస్తుందండీ” అన్నాడు. సంబంధం తప్పిపోయింది. “ఇకమీదట ఈ ఊళ్ళో చూపించము. హైదరాబాదు వెళతాము. లేదా పెళ్ళి అయ్యేదాకా మాత్రలు మానిపిస్తే ఏమి?” అని ఆ తల్లి అడుగుతున్నది.

అమ్మా, మీ కడుపుకోత నాకు తెలుసు. కాని ముందు చెప్పవలసినది ఒక్కటే: డాక్టరు చెప్పనిదే ఒక్క మాత్ర కూడా మానిపించవద్దు. మూర్ఛకు వేసుకునే మందులు హఠాత్తుగా ఆపితే మూర్ఛలు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణంమీదికి తేవచ్చు. సంబంధాలు మళ్ళీ వస్తాయి.

ఇక కాంపౌండరు సంగతి. డాక్టరు తన వృత్తిలో తెలుసుకున్న రోగి రహస్యాన్ని బయటపెట్టరాదని మన వైద్యమండలి 2002లో చేసిన నియమావళి స్పష్టంగా చెబుతున్నది. మినహాయింపులు మూడే: న్యాయమూర్తి ఆజ్ఞ అయినప్పుడు, ఫలానా వ్యక్తికో, సమాజానికో నిజంగా పెద్ద ప్రమాదం వున్నప్పుడు, ప్రభుత్వానికి తప్పక తెలపవలసిన అంటువ్యాధి అయినప్పుడు. పెళ్ళిసంబంధం విచారించడానికి వచ్చినవారు ఈ మూడింటిలో దేనికిందికీ రారు. 2023 ఆగస్టులో కొత్త నియమాలు ప్రకటించి ఆ నెలలోనే నిలిపివేశారు గనక, పాత నియమావళే నడుస్తున్నది.

ఆ నియమావళి కట్టడి చేసేది డాక్టరును. కాంపౌండరూ, ల్యాబులో కుర్రవాడూ, చీటీలు పిలిచే అమ్మాయీ ఏ ప్రమాణమూ చేసినవారు కారు. కాని రోగి తన రహస్యం వారికి అప్పగించలేదు. డాక్టరును నమ్మి చెప్పుకున్నాడు. డాక్టరు తన నోటికి తాళం వేసుకుని, ముందుగదిలో నోరు తెరిచి వుంచితే ఆ తాళం దేనికి? కొలువులో పెట్టుకునేనాడే “ఇక్కడ విన్నది ఇక్కడే” అని చెప్పవలసిన బాధ్యత ఆయనదే. ఇది కొత్తగా పడమటినుంచి వచ్చిన నీతి అనుకోవద్దు. గ్రీకు వైద్యులు రెండువేల ఏళ్ళకు పైబడిన కాలంనుంచీ ఈ ప్రమాణం చేస్తూ వచ్చిన మాట నిజమే. మన చరకసంహితలో కూడా, వైద్యం నేర్చుకునే శిష్యుడికి గురువు చెప్పే కట్టుబాట్లలో, రోగి ఇంటి సంగతులు బయట చెప్పరాదన్నది ఒకటి.

అయితే తల్లిగారు ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. కాంపౌండరు చెప్పడం తప్పు. మీరు దాచడం మాత్రం క్షేమమా? పెళ్ళయిన పిల్ల అత్తవారింట్లో మాత్రలు బియ్యపు డబ్బాలో దాచుకుని వేసుకోవాలా? గర్భవతి అయితే? మూర్ఛ మందులలో కొన్ని, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్ అనేది, కడుపులోని బిడ్డకు హాని చేయగలవు. అందుకని పెళ్ళికి ముందే డాక్టరుతో మాట్లాడి మందు మార్చవలసిందేమో తెలుసుకోవాలి. ఆ సంగతి భర్తకు తెలియకుండా జరిగేది కాదు. ముఖ్యమైన విషయం దాచి పెళ్ళి చేశారన్న తగాదా కోర్టుదాకా పోయిన సందర్భాలూ వున్నాయి. 1976 నుంచి హిందూ వివాహ చట్టంలో మాటిమాటికీ వచ్చే మూర్ఛ పెళ్ళికి అభ్యంతరంగా వుండేది. 1999లో పార్లమెంటు ఆ మాటను తీసివేసింది. మూర్ఛ వున్నవారిలో నూటికి డెబ్భైమంది దాకా సరైన మందులతో మూర్ఛ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఈ రెండు మాటలూ పట్టుకుని, అమ్మాయి ఇష్టం తెలుసుకుని, ఈసారి మీరే ముందుగా చెప్పండి. కాదనేవారు కాదంటారు. సరే అన్నవారింట్లో మీ పిల్ల మాత్ర దాచుకోనక్కరలేదు. చెప్పడమా మానడమా, ఎప్పుడు చెప్పడం, ఎవరితో చెప్పడం అన్నది అమ్మాయి చేతిలోనూ మీ చేతిలోనూ వుండాలి. ఆ కాంపౌండరు మీ దగ్గరనుంచి కాజేసింది ఆ హక్కునే.

మిర్యాలగూడ ఉత్తరం రాసినావిడ భర్త ఒక రైసుమిల్లులో గుమస్తా. దగ్గు తగ్గకపోతే ప్రైవేటు డాక్టరుకు చూపించారు. క్షయ అని తేలింది. వారం తిరిగేసరికి ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు పేరు అడుగుతూ ఇంటికి వచ్చారు. “మేము సర్కారు దవాఖానాకు వెళ్ళనే లేదు. మా డాక్టరే మా గుట్టు రట్టు చేశాడు. ఆయనమీద ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి?” అని ఆవిడ కోపం.

సోదరీ, ఈ విషయంలో డాక్టరు పక్షాన మాట్లాడక తప్పదు. క్షయ రోగిని గుర్తించిన ప్రతి డాక్టరూ, ప్రైవేటువారితో సహా, ప్రభుత్వానికి తెలపాలని కేంద్రం 2012 మే నెలలో ఉత్తర్వు ఇచ్చింది. తెలపకపోవడం శిక్షార్హం కావచ్చునని 2018 మార్చిలో మళ్ళీ ప్రకటించింది. మందుల షాపువాడు మీవారి పేరు వేరే పుస్తకంలో రాసుకున్నాడని కూడా రాశారు. అదీ చట్టప్రకారమే. క్షయ మందులతోపాటు మరికొన్ని మందులకు ఎవరు రాసిచ్చారు, ఎవరికి అమ్మారు అని రాసి ఆ పుస్తకాన్ని మూడేళ్ళు దాచాలని 2014 నుంచి నియమం వున్నది.

ఇది ఎవరి మేలు కోసం? మొదట మీ కోసం. మామూలు క్షయకు ఆరునెలలు మందు వాడాలి. రెండో నెలలో ఒంట్లో బాగుందని మానేసేవారే ఎక్కువగా చిక్కుల్లో పడతారు. మధ్యలో మానితే వ్యాధి మొండికెత్తి ఆ మందులకు లొంగకుండా పోతుంది. పేరు నమోదై వుంటే అడిగేవాడు ఒకడుంటాడు. ఇంట్లో పిల్లలకూ, పెద్దలకూ పరీక్ష చేస్తారు. పౌష్టికాహారానికని 2018 ఏప్రిల్ నుంచి నెలకు 500 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తూ వచ్చారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. పేరు లేకపోతే ఇవేవీ లేవు. సరైన మందు మొదలుపెట్టిన కొద్ది వారాలలోనే చాలామందిలో ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుంది గనక, మీవారు మళ్ళీ పనిలోకి ఎప్పుడు వెళ్ళవచ్చో డాక్టరునే అడగండి.

ఇంతవరకూ డాక్టరు చేసినది సబబే. కాని మీ ఉత్తరంలో ఇంకొక వాక్యం వున్నది. వచ్చినవాళ్ళు వీధి మొదట్లో నిలబడి “టీబీ ఆయన ఇల్లు ఏదీ?” అని అడిగారట. అది మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేదు. ప్రభుత్వానికి తెలపమన్నారేగాని వీధికి తెలపమనలేదు. ఫిర్యాదు ఇవ్వదలిస్తే దాని మీద ఇవ్వండి. జిల్లా క్షయ నివారణ అధికారికి ఒక కాగితం రాసి, ఇకముందు ఫోను చేసి రమ్మని, వీధిలో జబ్బు పేరు ఎత్తవద్దని కోరండి. కోరడానికి మీకు పూర్తి హక్కు వున్నది.

గుట్టుకూ వైద్యానికీ వున్న ఈ సంబంధాన్ని మన హైకోర్టు పాతికేళ్ళ క్రితమే గుర్తించింది. సింగరేణి బొగ్గుగనుల ఆసుపత్రిలో ఆపరేషన్ సందర్భంగా ఎక్కించిన రక్తంవల్ల ఒక ఇల్లాలికి హెచ్.ఐ.వి. సోకింది. ఆ కేసులో 2001లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు రక్తపరీక్షల గురించీ, సూదుల గురించీ ప్రభుత్వానికి అనేక ఆదేశాలిస్తూ, చికిత్సకు వచ్చినవారి పేర్లు బయటపెట్టరాదని, అలా అయితేనే మిగతావారు ధైర్యంగా చికిత్సకు ముందుకు వస్తారని చెప్పింది. అంటే గుట్టు కాపాడడం రోగి పరువు కోసం మాత్రమే కాదు. వైద్యంలో అదీ ఒక భాగమన్నమాట. సూర్యాపేటలో ఒక కాంపౌండరు నోరు జారితే మూర్ఛ వున్న మరో పదిమంది ఆడపిల్లల తల్లులు డాక్టరు గుమ్మం ఎక్కడానికి జంకుతారు. ఆ నష్టం ఏ లెక్కలోకీ రాదు.

అలాగని ఈ హక్కుకు హద్దు లేదని కాదు. పెళ్ళి నిశ్చయమైన ఒకాయనకు హెచ్.ఐ.వి. వున్నట్టు ఆసుపత్రి బయటపెట్టిన వివాదంలో సుప్రీంకోర్టు 1998లో, ఆయన రహస్యంకన్న పెళ్ళికూతురి ప్రాణం ముఖ్యమన్నది. ఆ తరువాత 2017లో హెచ్.ఐ.వి. చట్టం వచ్చింది. దాని ప్రకారం రోగి అనుమతి లేకుండా ఎవరికీ చెప్పరాదు. జీవిత భాగస్వామికి నిజంగా ప్రమాదం వుండి, తానే చెప్పమని రోగికి నచ్చజెప్పినా అతడు చెప్పడని తేలినప్పుడు, ఆ సంగతి అతనికి తెలియజేసి మరీ డాక్టరు భాగస్వామికి చెప్పవచ్చు. అంతేగాని బావమరిదికో, ఇంటి యజమానికో చెప్పడానికి వీలు లేదు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరుకూ, మానసిక వ్యాధికి చికిత్స పొందేవారి వివరాలకూ కూడా చట్టాలలో ఇటువంటి ప్రత్యేక రక్షణలు వున్నాయి. 2017 ఆగస్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుని, ఏకాంతం మన పౌరుల ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. కనుక ఇది డాక్టరుగారి దయ మీద ఆధారపడినది కాదు.

ఇక కోదాడ ఉత్తరం. ఈ కథ పూర్తిగా ఎదురు తిరిగినది. రాసినాయన తండ్రికి అక్కడొక నర్సింగుహోములో కడుపు ఆపరేషన్ అయింది. నెల దాటినా నొప్పి తగ్గలేదు. కోదాడవారికి విజయవాడ దగ్గర గనక అక్కడ పెద్ద డాక్టరుకు చూపిద్దామని బయలుదేరితే, ఆయన “ఆపరేషన్‌లో ఏమి చేశారో ఆ కాగితాలు తెండి” అన్నాడు. నర్సింగుహోమువారు ఫైలు తమ సొత్తని, ఇవ్వడానికి వీల్లేదని చెప్పారు. “రోగి రహస్యం బయటికి ఇవ్వకూడదండీ” అని పైగా ధర్మం కూడా చెప్పారట!

రోగి రహస్యాన్ని రోగికే దాచడం ఎక్కడి ధర్మం? అదే 2002 నియమావళిలో, ఆసుపత్రిలో చేర్చుకున్న రోగి కాగితాలను చికిత్స మొదలైన రోజు లగాయతు మూడేళ్ళు భద్రపరచాలని వున్నది. రోగిగాని, అతడు అధికారమిచ్చిన మనిషిగాని అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇవ్వకపోవడం వృత్తిపరమైన దోషం. కనుక, అయ్యా, నోటిమాటగా అడగడం మానండి. తండ్రిగారి సంతకంతో, చేర్చిన తేదీ, పంపిన తేదీ వేసి, కేసుషీటు, ఆపరేషన్ వివరాలు, పరీక్షల కాగితాలు కావాలని దరఖాస్తు రాయండి. రెండో ప్రతిమీద అందినట్టు సంతకం పుచ్చుకోండి. మూడు రోజులు గడిచినా ఇవ్వకపోతే హైదరాబాదులోని తెలంగాణ వైద్యమండలికి రాయవచ్చు. వైద్యసేవలు కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది గనక, జిల్లా వినియోగదారుల కమిషన్ తలుపూ తట్టవచ్చు. చాలాచోట్ల అంతదూరం పోనక్కరలేదు. దరఖాస్తులో “72 గంటలు” అన్న మాట కనపడేసరికే ఫైలు కదులుతుంది.

మూడు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట చెప్పకూడనివారికి చెప్పారు. ఒకచోట చెప్పవలసినవారికి చెప్పారు, కాని వీధికి కూడా వినిపించారు. ఒకచోట ఇవ్వవలసినవారికే ఇవ్వలేదు. ఇంగ్లండులో 1997లో ఫియోనా కాల్డికాట్ అనే వైద్యురాలి అధ్యక్షతన ఒక సంఘం ఈ విషయాన్నే విచారించి కొన్ని సూత్రాలు చెప్పింది. రోగి వివరాలు అవసరమైనవారికే, అవసరమైనంతే తెలియాలన్నది వాటి సారాంశం. 2013లో ఆవిడే మరొక సూత్రం చేర్చింది: రోగి మేలు కోసం వివరాలు పంచుకోవడం కూడా, దాచడమంత ముఖ్యమైన బాధ్యతేనని. అక్కడి ఆసుపత్రులకు రాసిన ఆ మాట మన కోదాడ నర్సింగుహోముకూ అచ్చంగా సరిపోతుంది.

ఇప్పుడు కాగితంతో పని తీరడం లేదు. ల్యాబు రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. ఇంట్లో ఒకే ఫోను వుంటే కోడలి పరీక్ష ఫలితం మామగారు ముందు చదువుతారు. ఆసుపత్రి కౌంటరులో ఆభా అనే 14 అంకెల ఆరోగ్య సంఖ్య అడుగుతున్నారు. 2021 సెప్టెంబరులో దేశమంతటా ప్రారంభమైన ఈ ఏర్పాటు ప్రకారం, ఒక ఆసుపత్రిలోని వివరాలు మరొక డాక్టరు చూడాలంటే మీ సమ్మతి కావాలి. ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకోవచ్చు కూడా. కోదాడ తండ్రిగారి వంటివారికి ఇది ఎంతో మేలు. కాని ఫోనులో “సరే” అన్న గుర్తు నొక్కేముందు ఎవరికి, ఎన్నాళ్ళకు, ఏ కాగితాలు చూపిస్తున్నారో చదవండి. కంప్యూటర్లలో వుండే సొంత వివరాల రక్షణకు 2023లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 2025 నవంబరులో దాని నియమాలు వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. చిన్న క్లినిక్కు అయినా కంప్యూటరులో మీ వివరాలు పెట్టుకుంటే ఆ చట్టానికి జవాబుదారీయే.

నేను డాక్టరును కాను, వకీలునూ కాను. కాని ఇల్లు నడిపేవారు చేయదగినవి కొన్ని తోస్తున్నాయి. ప్రతి కుటుంబ సభ్యుడికీ వేరే ఫైలు పెట్టి, మందుల చీటీలూ రిపోర్టులూ తేదీల వరసన వుంచండి. అందరి ముందూ చెప్పలేని బాధ అయితే “లోపల చెబుతానండీ” అనండి. కాంపౌండరు ఏమీ అనుకోడు. డాక్టరుగారి గదిలోకి వెంట ఎవరు రావాలో రోగినే అడగండి. పెళ్ళి కావలసిన పిల్ల అయినా, డెబ్భై ఏళ్ళ ముసలాయన అయినా, డాక్టరుతో ఒంటరిగా రెండు నిమిషాలు మాట్లాడే అవకాశం ఇవ్వండి. మీ కంటి ఎదుట ఏళ్ళ తరబడి చెప్పని మాట ఆ రెండు నిమిషాల్లో చెబుతారు. రిపోర్టు ఎవరిదో వారి నంబరుకే పంపమనండి. బంధువుల గ్రూపుల్లో ఎవరి ఎక్స్‌రే ఫోటోలూ పెట్టకండి.

డాక్టరుగార్లకూ ఒక మనవి. పెద్ద భవనాలు కట్టమనడం లేదు. గుమ్మానికి ఒక తెర వేయించండి. ఒక రోగి బయటికి వచ్చాకనే రెండోవారిని పిలవమనండి. రిజిస్టరు బల్లమీద తెరిచి వుంచవద్దనండి. పేరు పిలిచేటప్పుడు జబ్బు పేరు చేర్చవద్దని కాంపౌండరుకు చెప్పండి. ఈ నాలుగింటికీ కలిపి ఒక తెరగుడ్డ ఖరీదు తప్ప మరే ఖర్చూ లేదు.

పాఠకులలో ఎవరికైనా ఇటువంటి అనుభవాలుంటే రాయండి. డాక్టరు పేరూ, ఊరి పేరూ, రోగి పేరూ రాయనక్కరలేదు. సంగతి రాస్తే చాలు.